ముక్క తీశారు, తర్వాత?



గుంటూరు కొత్తపేటలో ఏ ఆస్పత్రి వరండాలోనైనా కాసేపు కూర్చోండి. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగిని వెంటబెట్టుకొచ్చిన బంధువుల నోట ఇప్పుడు ఒక మాట తరచుగా వినపడుతోంది. ఇమ్యూనో ఇంజక్షన్. జుట్టు ఊడదట, వాంతులు ఉండవట, ఖర్చు లక్షల్లోనట. ఖర్చు సంగతి నిజమే. మిగతా రెండూ చాలామంది విషయంలో నిజమే. కానీ ఆ మందు ఎవరికి పనిచేస్తుంది, ఎవరికి చేయదు అన్న ప్రశ్న ఆ వరండాలో ఎవరూ వేయరు. ఎకరం అమ్మాలా, రెండెకరాలు అమ్మాలా అన్న లెక్క మాత్రం అప్పటికే మొదలై ఉంటుంది.

నేను మందు రాసే డాక్టర్ని కాను. పాథాలజిస్టుని. మన వాడుకలో చెప్పాలంటే ముక్క పరీక్ష చేసేవాణ్ణి. రోగి నన్ను చూడడు, నేనూ సాధారణంగా రోగిని చూడను. ఆయన ఒంట్లోంచి తీసిన ముక్కే నా దగ్గరికి వస్తుంది. లక్షల రూపాయల ఇంజక్షన్ ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయంలో సగం భారం ఆ ముక్క మీదే ఉంటుంది. అందుకే ఈ పూట దాని గురించి మాట్లాడతాను.

ముందు ఈ రోగం ఎందుకు వస్తుందో చూద్దాం. మన నేలకు పొగాకుతో సంబంధం పాతది. పత్తి, మిరప వేసే నల్లరేగడిలోనే పొగాకూ పండింది. 1912లో ఏర్పడిన ఐఎల్‌టీడీ కంపెనీ చీరాలలో పెద్ద ఫ్యాక్టరీ నడిపింది. పొగాకు బోర్డు 1976లో మొదలైంది, దాని ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి వేలం కేంద్రాల్లో ధర పడిపోతే ప్రకాశం జిల్లా అంతా దిగాలు పడుతుంది. పండించడం వేరు, పీల్చడం వేరు అనుకోండి. చుట్టయినా బీడీ అయినా సిగరెట్టయినా, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు అన్నిటికంటే పెద్ద కారణం పొగే. అలాగని పొగ ముట్టనివాళ్లకు రాదని కాదు. ఎన్నడూ చుట్ట చేతబట్టని ఆడవాళ్ల ముక్కలు కూడా నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. వాళ్లలో ఎక్కువగా కనపడేది అడినోకార్సినోమా అనే రకం.

రోగం ఇక్కడ ఆలస్యంగా బయటపడటానికి ఒక కారణం టీబీ. దగ్గు, బరువు తగ్గడం, కళ్లెలో రక్తపు చార, ఎక్స్‌రేలో మచ్చ. టీబీలోనూ ఇవే, క్యాన్సర్‌లోనూ ఇవే. మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి ముందు దాన్నే అనుమానిస్తారు. అందులో తప్పులేదు. కళ్లె పరీక్షలో టీబీ క్రిమి దొరక్కపోయినా నెలల తరబడి టీబీ మందులే మింగించడం మాత్రం తప్పు. మందులు మొదలుపెట్టాక కూడా మచ్చ తగ్గడం లేదంటే సీటీ స్కాన్ తీయించాలి. అవసరమైతే ముక్క తీయించాలి.

ముక్క అనగానే మన ఊళ్లలో ఒక భయం. ఈమధ్య పర్చూరు వైపు నుంచి ఒకతను వాళ్ల నాన్న ముక్క పట్టుకొచ్చాడు. నేను చూసిన రెండు మూడు కుటుంబాల సంగతులు ఒక్కటిగా కలిపి, వివరాలు మార్చి చెబుతున్నాను. చేతిలో మూతకు ప్లాస్టర్ చుట్టిన చిన్న సీసా. అందులో సెలైన్ నీళ్లు. అడుగున తెల్లగా సన్నని పోగులు రెండు. తీసింది ముందురోజు మధ్యాహ్నం.

"ఫార్మలిన్ పొయ్యలేదా బాబూ?" అన్నాను.

"అదేందో నాకు తెలవదండీ. సీసా చేతికిచ్చి గుంటూరు తీసుకుపొమ్మన్నారు, వచ్చా."

"ఇది పనికిరాదు. మళ్లీ తీయాలి."

అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒకసారి సూది పెడితేనే పాకుద్దంటున్నారండీ మావాళ్లు. మళ్లీ అంటే మా అమ్మ ఒప్పుకోదు" అన్నాడు.

ముక్క తీస్తే క్యాన్సర్ పాకిపోతుందన్న మాట ఎంతమంది ప్రాణాల మీదికి తెచ్చిందో చెప్పలేను. సీటీ స్కాన్ చూస్తూ సూదితో ముక్క తీసినప్పుడు కొందరికి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరుతుంది, కొందరికి కాస్త రక్తం పడుతుంది. అందుకే తీశాక కొన్ని గంటలు ఆస్పత్రిలో ఉంచి చూస్తారు. భయపడాల్సింది ఏదైనా ఉంటే అది. సూది దారి వెంట రోగం పాకడం చాలా అరుదు. సూది పెట్టకముందే పాకి ఉన్న రోగం తర్వాత బయటపడుతుంది, నింద సూది మీద పడుతుంది.

ఇక ఫార్మలిన్ సంగతి. ఒంట్లోంచి బయటికి వచ్చిన క్షణం నుంచి కణం కుళ్లడం మొదలవుతుంది. దాన్ని ఆపేది 10 శాతం ఫార్మలిన్ ద్రవం. ముక్క ఎంత ఉందో దానికి కనీసం పదిరెట్లు ఉండాలి ద్రవం. తీసిన వెంటనే అందులో వేయాలి. కనీసం 6 గంటలు నానాలి, 72 గంటలు దాటకూడదు. సెలైన్‌లో వదిలేసినా, స్పిరిట్‌లో వేసినా క్యాన్సరా కాదా అన్నది ఎలాగో చెప్పగలమేమో గానీ, ఇప్పుడు మందు నిర్ణయించే పరీక్షలు నమ్మకంగా చేయలేం. ఎముకలోకి పాకిన చోటి నుంచి తీసిన ముక్కతో ఇంకో చిక్కు. దాన్ని మెత్తబరచడానికి యాసిడ్‌లో వేస్తారు. ఆ యాసిడ్ డీఎన్ఏను చెడగొడుతుంది. కాబట్టి వేరేచోట నుంచి ముక్క దొరికే వీలుంటే అదే మేలు.

ఫార్మలిన్‌లో నానిన ముక్కను మైనంలో పోతపోసి బిళ్ల చేస్తాం. దాన్ని బ్లాకు అంటాం. అందులోంచి 3, 4 మైక్రాన్ల మందాన పొరలు కోసి గాజు పలకల మీదికి ఎక్కిస్తాం. సూదితో తీసిన ముక్క అంటే మహా అయితే సెంటీమీటరు, సెంటీమీటరున్నర పొడవుండే పోగు. దాంతోనే ఇది క్యాన్సరా, ఏ రకం, ఊపిరితిత్తిలోనే పుట్టిందా, ఏ మందుకు లొంగుతుంది అని అన్నీ తేల్చాలి. ఇక్కడ మావాళ్లకూ ఒక మాట చెప్పాలి. రకం తేల్చడానికి చాలాసార్లు టీటీఎఫ్-1, పీ40 అనే రెండు రంగుల పరీక్షలు సరిపోతాయి. సరదా తీరేదాకా పదీ పదిహేను చేస్తూ పోతే బ్లాకు అరిగిపోతుంది. అసలు పరీక్షల సమయానికి ఉత్త మైనమే మిగులుతుంది. రిపోర్టు బరువుగా కనపడటం కోసం రోగి ముక్కను ఖర్చుపెట్టే అలవాటు మా వృత్తిలో పోవాలి.

అసలు పరీక్షలంటే ఏమిటి? మన రక్తంలో టీ కణాలని ఉంటాయి. పరాయి కణాన్ని పసిగట్టి చంపడం వాటి పని. అవి హద్దుమీరి సొంత ఒంటినే తినేయకుండా వాటి మీద పీడీ-1 అనే ఒక అడ్డు ఉంటుంది. జపాన్‌లోని క్యోటోలో తసుకు హోంజో బృందం 1992లో దీన్ని కనిపెట్టింది. ఇలాంటిదే ఇంకో అడ్డు మీద పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ అలిసన్‌తో కలిపి హోంజోకు 2018లో నోబెల్ బహుమతి ఇచ్చారు. క్యాన్సర్ కణం తన ఒంటి మీద పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ పెంచుకుంటుంది. అది టీ కణం మీది పీడీ-1ను పట్టుకోగానే టీ కణం చల్లబడిపోతుంది. ఇమ్యూనో ఇంజక్షన్ ఆ పట్టు విడిపిస్తుంది. అది గడ్డను నేరుగా చంపదు. చంపే పని మన టీ కణాలే చేయాలి.

క్యాన్సర్ కణాల మీద ఆ పీడీ-ఎల్1 ఎంత ఉందో చూసే పరీక్ష మా చేతిలోది. రసాయనం వేస్తే పీడీ-ఎల్1 ఉన్న కణం అంచు గోధుమరంగు తేలుతుంది. కనీసం వంద బతికున్న క్యాన్సర్ కణాలైనా పలక మీద ఉంటేనే లెక్క చెల్లుతుంది. అందులో ఎన్నింటికి అంచు రంగు పట్టిందో శాతంలో చెబుతాం. ఒకటి లోపు, ఒకటి నుంచి 49 దాకా, 50 ఆపైన అని మూడు తరగతులు. చెప్పడానికి తేలికే. కానీ ఊపిరితిత్తిలో దుమ్మునూ పొగమసినీ మింగే మాక్రోఫేజ్ కణాలుంటాయి. వాటికీ అదే గోధుమరంగు పడుతుంది. వాటిని కూడా కలిపి లెక్కపెట్టామంటే ఇరవై ఉన్నది అరవై అవుతుంది. ఇక 48 శాతమా, 52 శాతమా అన్న దగ్గర ఇద్దరు పాథాలజిస్టులు కూర్చుంటే వాదన తప్పదు. రోగికి అందే కాగితం మీద మాత్రం ఒకే అంకె ఉంటుంది, కొలబద్దతో కొలిచినట్టు.

పైగా గడ్డంతా ఒక్కలా ఉండదు. గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారి బస్తా మీది కాయ చూసి లాటుకు ధర కట్టడు, అడుగు కాయ కూడా తీయించి రంగెంత, తాలెంత, తేమెంత అని చూస్తాడు. గడ్డలో ఒక మూల 70 శాతం ఉన్న పీడీ-ఎల్1 ఇంకో మూల 10 ఉండొచ్చు. ఒకే పోగు తీసి, అదీ చచ్చిన కణాలున్న నడిమధ్య నుంచి తీసి, దాని మీద లక్షల ఖర్చు నిర్ణయించడం అన్యాయం. వీలున్నంతలో నాలుగైదు పోగులు తీయమని ముక్క తీసే డాక్టర్లను మేం అడిగేది అందుకే.

యాభై దాటితే లాభం ఎంత? 2016లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో 305 మంది రోగులున్నారు. అందరిదీ పాకిపోయిన రోగమే, అందరిలోనూ పీడీ-ఎల్1 50 శాతమో అంతకంటే ఎక్కువో ఉంది. సగం మందికి పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనో మందు, సగం మందికి కీమో. ఐదేళ్ల తర్వాత చూస్తే ఇమ్యూనో వర్గంలో వందకు 32 మంది, కీమో వర్గంలో వందకు 16 మంది బతికున్నారు. నాలుగో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఐదేళ్ల మాట ఎత్తడమే ఒకప్పుడు లేదు. అయితే ఆ పరిశోధనకు పరీక్షించిన రోగుల్లో యాభై దాటినవాళ్లు దాదాపు 30 శాతమే. యాభై లోపున్నా ఆశ వదులుకోనక్కర్లేదు. కీమోతో కలిపి ఇమ్యూనో ఇచ్చే పద్ధతి ఉంది.

ఆ 305 మందిని ఎంచుకున్నప్పుడు పెట్టిన ఇంకో షరతు మన దగ్గర చాలామంది మర్చిపోతున్నారు. ఈజీఎఫ్ఆర్, ఆల్క్ అనే జన్యువుల్లో మార్పు ఉన్నవాళ్లను అందులో చేర్చుకోలేదు.

పర్చూరు అబ్బాయి దగ్గరికి మళ్లీ వస్తాను. వాళ్లమ్మను ఒప్పించారు. రెండోసారి ముక్క సరిగ్గా వచ్చింది. అడినోకార్సినోమా. పీడీ-ఎల్1 రిపోర్టు ముందుగా తయారైంది, 60 శాతం. డాక్టరు ఆగమన్నారు. అతను నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"అరవై వచ్చిందిగా సార్, ఇంకెందుకు ఆగటం? రెండెకరాలు బేరం కూడా పెట్టాం."

"జన్యు పరీక్ష రానియ్యి బాబూ. మీ నాన్న చుట్ట తాగుతారా?"

"అస్సలు లేదండీ. వక్కపొడి కూడా వేసుకోడు."

ఆ మాటతో నాకు అనుమానం గట్టిపడింది. పొగతాగనివాళ్ల గడ్డల్లో ఈజీఎఫ్ఆర్ మార్పు ఎక్కువ కనపడుతుంది. మన దేశంలో అడినోకార్సినోమా రోగుల్లో రమారమి నాలుగో వంతు మందిలో అది ఉంటుంది. పొగతాగేవాళ్ల గడ్డల్లో చిన్నాచితకా జన్యు దెబ్బలు లెక్కలేనన్ని ఉంటాయి, వాటి వల్లే టీ కణాలు ఆ గడ్డను పరాయిదని గుర్తుపడతాయి. అందుకే ఇమ్యూనో మందు పొగరాయుళ్లలోనే బాగా పనిచేస్తుంటుంది. జీవితాంతం క్రమశిక్షణగా బతికినవాడికి ఆ మందు అంతగా పనికిరాకపోవడం విడ్డూరమే, కానీ శాస్త్రం మంచితనం చూసి నడవదు.

రిపోర్టు వచ్చింది. ఈజీఎఫ్ఆర్ జన్యువులో ఎక్సాన్ 19 అనే భాగంలో మార్పు. ఇమ్యూనో అక్కర్లేదు. ఆ మార్పు మీద పనిచేసే మాత్ర, రోజుకొకటి.

పీడీ-ఎల్1 ఎక్కువున్నా ఎందుకు వద్దన్నారో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డాక్టర్లు 2018లో ప్రకటించిన ఒక చిన్న పరిశోధన చెబుతుంది. ఈజీఎఫ్ఆర్ మార్పు, పీడీ-ఎల్1 రెండూ ఉన్న 25 మందికి ముందుగా పెంబ్రోలిజుమాబ్ ఇచ్చి చూద్దామనుకున్నారు. 11 మందితోనే ఆపేశారు. ఒక్కరిలోనే గడ్డ తగ్గింది. ఆ ఒక్కరి ముక్కను తిరిగి పరీక్షిస్తే అసలు ఈజీఎఫ్ఆర్ మార్పే లేదు, మొదటి రిపోర్టు తప్పు. ఇంజక్షన్ ఇచ్చేశాక ఒసిమెర్టినిబ్ లాంటి మాత్ర మొదలుపెడితే ఊపిరితిత్తులు వాచే ప్రమాదం పెరుగుతుందని తర్వాత తేలింది. అంటే ముందు ఇచ్చిన తప్పు మందు తర్వాత ఇవ్వబోయే సరైన మందును కూడా పాడుచేస్తుంది.

అలాగే మాత్ర కూడా పరీక్ష లేకుండా ఇచ్చేది కాదు. ఆసియా దేశాల్లో 1,217 మంది మీద చేసి 2009లో ప్రకటించిన పరిశోధనలో జెఫిటినిబ్ మాత్రను కీమోతో పోల్చారు. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్నవాళ్లలో వందకు 71 మందికి మాత్రతో గడ్డ తగ్గింది. మార్పు లేనివాళ్లలో వందకు ఒక్కరికే తగ్గింది. మందు ఒక్కటే, తేడా అంతా పరీక్షది. ఆ జెఫిటినిబ్‌ను మన దేశంలో చవగ్గా తయారుచేసిన కంపెనీల్లో నాట్కో ఒకటి. 1981లో దాన్ని స్థాపించిన నన్నపనేని వెంకయ్య చౌదరి పొన్నూరు దగ్గర గొల్లమూడిపాడు మనిషి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో క్యాన్సర్ భవనం కట్టించిందీ నాట్కో ట్రస్టే. జెఫిటినిబ్ కంటే మెరుగైన ఒసిమెర్టినిబ్ మీద, దుర్వాలుమాబ్ అనే ఇమ్యూనో మందు మీద 2024 జులై బడ్జెట్‌లో కేంద్రం దిగుమతి సుంకం తీసేసింది. అయినా ఇమ్యూనో మందులు ఇప్పటికీ రైతు కుటుంబం మోయగలిగిన బరువు కాదు.

ఆ అబ్బాయి తండ్రికి నయమైపోయిందని చెప్పను. ఈ మాత్రలకు కొన్నాళ్లకు గడ్డ అలవాటు పడుతుంది, అప్పుడు మళ్లీ ముక్కో, రక్తమో పరీక్షించాలి. ప్రస్తుతానికి దగ్గు తగ్గింది, ఇంటి పనులు చేసుకుంటున్నాడు, రెండెకరాలూ ఉన్నాయి.

రక్తం అన్నాను కాబట్టి చెబుతున్నాను. ముక్క చాలనప్పుడు ఈజీఎఫ్ఆర్ మార్పును రక్తంలోనూ వెతకొచ్చు. దొరికితే నమ్మొచ్చు. దొరక్కపోతే లేదని అర్థం కాదు. పీడీ-ఎల్1 మాత్రం ముక్కలోనే చూడాలి. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీసినా దాన్ని పారబోయనివ్వకండి. అందులో క్యాన్సర్ కణాలుంటే వాటిని కూడగట్టి మైనంలో బ్లాకు చేయొచ్చు.

జన్యు పరీక్షలకు మన జిల్లాల నుంచి చాలా బ్లాకులు హైదరాబాదుకో, ఇంకా దూరానికో వెళతాయి. రిపోర్టు రావడానికి రెండు వారాలు పట్టొచ్చు. ఆ రెండు వారాలూ ఇంటిల్లిపాదికీ నరకమే, ఒప్పుకుంటాను. రోగికి ఆయాసం ఎక్కువగా ఉంటే ఆగకుండా ఒక విడత కీమో మొదలుపెట్టి, రిపోర్టు వచ్చాక ఇమ్యూనో కలపాలా, మాత్రకు మారాలా అని డాక్టరు నిర్ణయిస్తారు. ఇంకో ఆస్పత్రికి వెళుతుంటే రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్లకండి, సంతకం పెట్టి బ్లాకు తీసుకెళ్లండి. ఎండాకాలంలో దాన్ని కారు అద్దం కింద పెట్టకండి. ఎంతైనా మైనం కదా, రెంటచింతల ఎండకు తట్టుకోలేదు.

ఇమ్యూనో ఇంజక్షన్ నడుస్తున్న ఇళ్లవాళ్లకు, వాళ్ల ఊరి ఆర్‌ఎంపీలకు ఒక హెచ్చరిక. ఈ మందు మీదున్న మనిషికి విరేచనాలు పట్టుకున్నా, కొత్తగా ఆయాసం వచ్చినా అది మామూలు జబ్బు కాకపోవచ్చు. రెచ్చిపోయిన టీ కణాలు పేగునో, ఊపిరితిత్తినో దెబ్బతీస్తుండొచ్చు. సెలైన్ ఎక్కించి, విరేచనాల బిళ్ల ఇచ్చి రెండు రోజులు చూద్దాం అనుకోవద్దు. వెంటనే క్యాన్సర్ డాక్టరుకు ఫోన్ చేయండి. సకాలంలో స్టెరాయిడ్ పడితే చాలామంది కోలుకుంటారు.

డబ్బు విషయంలో ఒక మంచి కబురు ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రి నుంచి వచ్చింది. నివోలుమాబ్ అనే ఇమ్యూనో మందును మామూలు మోతాదులో పదోవంతు కంటే తక్కువగా, మూడు వారాలకు 20 మిల్లీగ్రాములు, నోటి మాత్రలతో కలిపి ఇచ్చారు. ఏడాది తర్వాత బతికున్నవాళ్లు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు. 2023లో ప్రకటించిన ఈ పరిశోధన నోరు, గొంతు, తల భాగాల క్యాన్సర్లలో చేసింది. ఊపిరితిత్తులకు దీన్ని మీ అంతట మీరు అన్వయించుకోకండి. కానీ ఖరీదైన మందును పేదవాడికి అందేలా చేయొచ్చని మన దేశపు డాక్టర్లే చూపించారు. ఊపిరితిత్తుల విషయంలోనూ అలాంటి పని జరగాలి.

పరీక్షల ఖర్చు కూడా తక్కువేం కాదు. ప్రభుత్వ పథకంలో ఏ పరీక్షకు డబ్బొస్తుందో, దేనికి రాదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముక్క తీయకముందే అడగండి. కొన్ని పరీక్షల ఖర్చు మందుల కంపెనీలు భరించే ఏర్పాట్లుంటాయి, డాక్టరును మొహమాటం లేకుండా అడగండి. ఒక్కో పరీక్షా విడివిడిగా చేయించి ముక్క అరగదీసే బదులు, చాలా జన్యువులను ఒకేసారి చూసే పరీక్షకు స్తోమత ఉంటే అదే చేయించండి.

ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు అని తేలితే, "డాక్టరుగారూ, ఈజీఎఫ్ఆర్, ఆల్క్, రాస్-1 జన్యువుల పరీక్షలకూ, పీడీ-ఎల్1కూ అన్నిటికీ పంపారా? అన్ని రిపోర్టులూ వచ్చాయా?" అని అడగండి. అలా అడిగితే మంచి డాక్టరెవరూ కోపగించుకోరు. ఆ కాగితాలన్నీ చేతికొచ్చేదాకా ఇమ్యూనో ఇంజక్షన్ కోసం తొందరపెట్టకండి, పొలం బేరం పెట్టకండి.